చట్టం వచ్చిన మూడేళ్లకు స్టర్జ్ ఓడ ఎందుకు ఎక్కాడు?

మీ ప్రశ్న చదివాను. క్లుప్తంగా ఇదీ: "1833లోనే బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసింది కదా, మరి 1836లో జోసెఫ్ స్టర్జ్ అనే క్వేకర్ వ్యాపారి పనిగట్టుకుని వెస్టిండీస్ దాకా ఎందుకు వెళ్లాడు? దానివల్ల నిజంగా ఏమైనా మారిందా, లేక డబ్బున్నవాళ్లు పుణ్యం కోసం చేసిన తీర్థయాత్రా? దీనికీ మనకీ ఏమైనా సంబంధం ఉందా?"

డిగ్రీ క్లాసుల్లో ఆధునిక ప్రపంచ చరిత్ర చాలా ఏళ్లు చెప్పాను. ఏటా ఎవరో ఒకరు మొదటి ప్రశ్న అడిగేవాళ్లు. తప్పు వాళ్లది కాదు. మన గైడ్లలో "1833: బానిసత్వ రద్దు" అని ఒక్క లైను ఉంటుంది, అక్కడితో సరి. ఆ లైనే తప్పుదారి పట్టిస్తుంది.

1833 చట్టం బానిస అన్న పేరు తీసేసింది. పని తియ్యలేదు. చట్టం 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. ఆరేళ్లలోపు పిల్లలకు మాత్రం వెంటనే విడుదల. మిగతావాళ్లంతా ఆ రోజు నుంచి "అప్రెంటిస్‌లు". పొలంలో పనిచేసేవాళ్లు 1840 దాకా, ఇంటి పనివాళ్లూ చేతిపనివాళ్లూ 1838 దాకా అదే యజమాని దగ్గర ఉండాలి. వారానికి 45 గంటలకు మించకుండా కూలి లేకుండా చెయ్యాలి. ఇంతకీ అప్రెంటిస్ అంటే పని నేర్చుకునేవాడు కదా, పుట్టినప్పటినుంచీ చెరకు నరికినవాడికి కొత్తగా నేర్పేదేముంది? ఇది ఆరేళ్ల వెట్టి, అంతే. పైగా "ఆస్తి నష్టం" పేరుతో యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం. అప్పటి బ్రిటిష్ ప్రభుత్వ వార్షిక ఖర్చులో అది దాదాపు 40 శాతం. దానికోసం చేసిన అప్పు బ్రిటిష్ ఖజానా పద్దుల్లోంచి పూర్తిగా తీరింది 2015లో. బానిసలుగా బతికినవాళ్ల చేతికి ఒక్క పెన్నీ రాలేదు.

ఇక స్టర్జ్ సంగతి. 1793లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో ఎల్బర్టన్ అనే పల్లెలో పుట్టాడు. తమ్ముడు చార్లెస్‌తో కలిసి బర్మింగ్‌హామ్‌లో ధాన్యం వ్యాపారం చేసి బాగా సంపాదించాడు. క్వేకర్లంటే క్రైస్తవంలోనే ఒక చిన్న శాఖ. పూజారి ఉండడు, ప్రార్థన ఎక్కువ భాగం మౌనంగానే సాగుతుంది. ప్రతి మనిషిలోనూ దైవపు వెలుగు ఉంటుందని నమ్ముతారు. ప్రమాణాలు చెయ్యరు, ఆయుధం పట్టరు. కుర్రవాడుగా ఉన్నప్పుడు స్టర్జ్‌కు మిలీషియా అనే స్థానిక సైనిక దళంలో చేరమని పిలుపొస్తే చేరనన్నాడు. జరిమానా కింద అధికారులు ఆయన గొర్రెలను తోలుకుపోయారు. నష్టపోతాడు తప్ప మాట మార్చుకోడు, అదీ ఆయన తీరు.

అయితే నాకు ఆయన భక్తి కంటే ఆయన వ్యాపారమే ముఖ్యంగా కనిపిస్తుంది. ధాన్యం వర్తకుడు పైన పోసి చూపించిన గింజను చూసి బేరం ఒప్పుకోడు. బస్తాలోకి చెయ్యి పోనిచ్చి అడుగు గింజ తీసి చూస్తాడు. 1836లో బ్రిటిష్ పార్లమెంటు దిగువసభ, అంటే హౌస్ ఆఫ్ కామన్స్, కమిటీ ఒకటి అప్రెంటిస్‌షిప్ మీద విచారణ జరిపి, మొత్తం మీద బాగానే నడుస్తోందని తేల్చింది. ఆ కమిటీ లండన్‌లో కూర్చుని, లండన్‌కు రాగలిగినవాళ్ల సాక్ష్యాలు విన్నది. అక్కడికి రాగలిగేది ఎవరు? తోటల యజమానులు, అధికారులు, మిషనరీలు. అప్రెంటిస్‌గా ఉన్నవాడు రాలేడు కదా. బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలోని పెద్దలు చాలామంది 1840 దాకా ఓపిక పడదాంలే అనుకుంటున్న సమయంలో ఈయన సొంత ఖర్చుతో అడుగు గింజ చూడటానికి బయల్దేరాడు.

1836 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ రేవులో నలుగురు ఓడ ఎక్కారు: స్టర్జ్, లీడ్స్ నగరానికి చెందిన థామస్ హార్వీ అనే క్వేకర్, జాన్ స్కోబుల్, విలియం లాయిడ్ అనే వైద్యుడు. అక్కడికి చేరాక పని పంచుకున్నారు. స్కోబుల్, లాయిడ్ దక్షిణ అమెరికా తీరంలోని బ్రిటిష్ గయానా వైపు వెళ్లారు. స్టర్జ్, హార్వీ ఆంటిగ్వా, మోంట్సెరాట్, డొమినికా, మార్టినీక్, సెయింట్ లూసియా, బార్బడోస్ చూసుకుంటూ జమైకా చేరారు. మార్టినీక్ ఫ్రెంచివాళ్లది, అక్కడ ఇంకా పూర్తి బానిసత్వమే. అది 1848లో గానీ పోలేదు.

ఈ దారిలో ఆంటిగ్వాను ఊరికే పెట్టుకోలేదు. ఆ దీవి శాసనసభ 1834లోనే అప్రెంటిస్‌షిప్ మాకొద్దని, సుమారు 30 వేల మందిని ఒక్క రోజున పూర్తిగా వదిలేసింది. వదిలేస్తే పొలాలు బీడుపడతాయి, తాగి తిరుగుతారు, ఇళ్లు తగలబెడతారు అని జమైకా యజమానులు చెప్పే మాటలన్నిటికీ ఆంటిగ్వాయే పరీక్ష. స్టర్జ్ వెళ్లి చూస్తే తోటల్లో పని నడుస్తోంది, పంచదార బయటికి పోతోంది, బానిసలను పోషించడం కంటే కూలి ఇవ్వడమే లాభంగా ఉందని యజమానులే లెక్క చెప్పారు. ఒక్క దీవిలో రుజువైందంటే "వాళ్లు ఇంకా స్వేచ్ఛకు సిద్ధంగా లేరు" అన్న వాదన కూలిపోయినట్టే.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. ఆంటిగ్వా యజమానులేమీ దయామయులు కారు. ఆ చిన్న దీవిలో సాగుకు పనికొచ్చే నేలంతా అప్పటికే తోటల కిందే ఉంది. విడుదలైనవాడు ఎక్కడికి పోతాడు? గుడిసె యజమానిది, నేల యజమానిది. మర్నాడు మళ్లీ అదే చేలో కూలికి రావాలి. నేల చేతిలో లేని స్వేచ్ఛ చవకైన కూలిగా మారుతుందని ఆంటిగ్వా యజమానులు లెక్కేసుకున్నారు, అంతే. స్టర్జ్ దీన్ని గమనించకపోలేదు గానీ, అప్పటికి ఆయన గెలవాల్సిన వాదన వేరు.

అసలు బరువంతా జమైకా దగ్గరుంది. ఆయన అక్కడ చూసిన దారుణాల కంటే చూసిన పద్ధతి గురించి ముందు చెబుతాను. గంటలు లెక్కపెట్టాడు. జమైకాలో పొలం పనివాళ్ల వాటా వారానికి నలభైన్నర గంటలు. రోజుకు తొమ్మిది గంటల చొప్పున చేస్తే నాలుగున్నర రోజుల్లో అయిపోతుంది. శుక్రవారం మధ్యాహ్నం నుంచి తమ సొంత మళ్లు సాగు చేసుకోవచ్చు, శనివారం సంతకు పోవచ్చు. తిండి ఆ మళ్ల నుంచే రావాలి, అవి కొండల మీద, మైళ్ల దూరంలో ఉంటాయి. యజమానులు ఏం చేశారంటే, రోజుకు ఎనిమిది గంటలే చాలన్నారు. వినడానికి ఉపకారంలా ఉంది కదూ? దాంతో పని శుక్రవారం సాయంత్రం దాకా సాగుతుంది, సొంత మడికి దక్కే సగం రోజు పోతుంది. చట్టంలో ఒక్క అక్షరం కూడా మీరలేదు.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. బానిసత్వ కాలంలో పొలంలో పనిచేసేవాళ్లకు వంట చేసి పెట్టడానికి, చంటిపిల్లలను చూడటానికి ముసలి ఆడవాళ్లను కేటాయించేవారు. ఉప్పుచేప లాంటివి ఇచ్చేవారు. ఆరుగురు పిల్లలు బతికున్న తల్లికి బరువు పని తగ్గించేవారు. ఇవేవీ చట్టంలో రాసి లేవు, వాడుక మాత్రమే. కొత్త చట్టం రాగానే చాలా తోటల్లో వాటన్నిటినీ తీసేశారు, "చట్టంలో ఎక్కడుంది చూపించు" అని. విడుదలైన చంటిపిల్లలను కూడా అప్రెంటిస్‌లుగా రాసివ్వమని తల్లుల మీద ఒత్తిడి తెచ్చారు. ఆ తల్లులు దాదాపు ఎవరూ ఒప్పుకోలేదు. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే గట్టిగా తగిలే విషయం ఇదే.

కొరడా యజమాని చేతిలోంచి తీసేసి ప్రత్యేక మేజిస్ట్రేటు చేతికి ఇచ్చారు. మేజిస్ట్రేటు ఇంగ్లండ్ నుంచి జీతానికి వచ్చినవాడు. అతను గుర్రం మీద తోట తోటకీ తిరగాలి, రాత్రి ఎక్కడో ఒకచోట పడుకోవాలి. ఆ భోజనం, ఆ మంచం ఎవరిల్లో చెప్పనక్కర్లేదు. నిజాయితీగా ఉన్నవాళ్లూ లేకపోలేదు, వాళ్లకు యజమానుల నుంచి వచ్చిన ఇబ్బందులు అన్నీ ఇన్నీ కావు. శిక్ష పడినవాళ్లు వెళ్లేది "హౌస్ ఆఫ్ కరెక్షన్" అనే జైలుకి. అక్కడ ట్రెడ్‌మిల్ ఉండేది. ఇప్పుడు జిమ్‌లో చూసేది కాదు. మెట్లున్న పెద్ద చెక్క పీపా. పైనున్న కమ్మీకి మనిషి మణికట్లు కట్టేసి, తిరుగుతున్న మెట్ల మీద అడుగు వెయ్యమంటారు. అడుగు తప్పితే చేతుల మీద వేలాడాలి, తిరిగే మెట్టు మోకాలి కిందా పిక్కల మీదా కొడుతూ ఉంటుంది. పక్కన కొరడావాడు. ఆడవాళ్లను కొరడాతో కొట్టకూడదని 1833 చట్టమే చెబుతోంది. జైలు గోడల లోపల కొడుతూనే ఉన్నారు. స్టర్జ్, హార్వీ ఆ జైళ్లలోకి వెళ్లి చూశారు, శిక్ష పడినవాళ్లతో మాట్లాడారు.

ఈ మాటల్లోంచే జేమ్స్ విలియమ్స్ దొరికాడు. జిల్లా లాంటి సెయింట్ ఆన్ పారిష్‌లో పెన్‌షర్స్ట్ అనే చోట సీనియర్ అనే యజమాని, అతని సోదరి దగ్గర ఉన్న పద్దెనిమిదేళ్ల కుర్రాడు. తన కథలో అతనే చెప్పుకున్నాడు: బానిసగా ఉన్నప్పుడు కొరడా దెబ్బలు ఎరగను, బెత్తం దెబ్బలే, అవీ గట్టివి కావు. కొత్త చట్టం వచ్చాక ఏడుసార్లు కొరడాతో కొట్టారు, నాలుగుసార్లు జైల్లో పెట్టారు. ఈ రెండు వాక్యాలు కమిటీ రిపోర్టు మొత్తానికీ జవాబు. స్టర్జ్ డబ్బు కట్టి అతన్ని విడిపించి ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. అతను చెప్పింది చెప్పినట్టు రాయించి, 1837లో చిన్న పుస్తకంగా అచ్చువేయించారు. అది దేశమంతా పాకింది.

యజమానులు అబద్ధం అన్నారు. అక్కడే వాళ్లు దెబ్బతిన్నారు. నిజమో కాదో తేల్చమని జమైకాలోనే విచారణ పెట్టించింది లండన్ ప్రభుత్వం. వందమందికి పైగా సాక్షులు వచ్చి చెప్పారు. కుర్రాడు చెప్పింది చాలావరకు నిజమని తేలింది. పేర్లు, ఊళ్లు, తేదీలు, ఎవరు కొట్టారో, ఎవరు చూస్తూ ఊరుకున్నారో, అన్నీ ఉన్న కథ అది. "బానిసల బాధలు" అని గుండె బాదుకునే కరపత్రాన్ని పక్కన పారెయ్యొచ్చు. ఫలానా తేదీన ఫలానా మేజిస్ట్రేటు అన్నదాన్ని పారెయ్యడం కష్టం. అందుకే పుణ్యయాత్ర అన్న మీ మాట ఒప్పుకోలేను. పుణ్యానికి వెళ్లినవాడు కన్నీళ్లతో తిరిగొస్తాడు, ఈయన సాక్ష్యాలతో తిరిగొచ్చాడు.

ఆ తర్వాతంతా వేగంగా జరిగింది. 1838లో స్టర్జ్, హార్వీ తమ ప్రయాణాన్ని "ది వెస్టిండీస్ ఇన్ 1837" అనే పుస్తకంగా తెచ్చారు. లండన్‌లో ఎక్సెటర్ హాలులో పెద్ద సభలు, పార్లమెంటుకు కుప్పలుగా అర్జీలు. 1838 మే 22న అప్రెంటిస్‌షిప్ వెంటనే ముగించాలన్న తీర్మానం హౌస్ ఆఫ్ కామన్స్‌లో 93 ఓట్లకు 96తో గట్టెక్కింది. ప్రభుత్వం దాన్ని అమలు చెయ్యనంది. కానీ వలసరాజ్యాల్లోని శాసనసభలు అప్పటికే వరసగా తామే వదులుకోవడం మొదలుపెట్టాయి, జూన్‌లో జమైకా కూడా లొంగింది. 1838 ఆగస్టు 1న, గడువు కంటే రెండేళ్లు ముందే, వెస్టిండీస్‌లో అప్రెంటిస్‌షిప్ పోయింది.

ఇదంతా స్టర్జ్ ఘనతేనా అంటే కాదు. ఆ ఆగస్టు 1కి ఇంటి పనివాళ్ల, చేతిపనివాళ్ల గడువు ఎలాగూ తీరుతుంది. ఒకే తోటలో సగంమంది స్వేచ్ఛగా తిరుగుతుంటే మిగతా సగంతో ఇంకో రెండేళ్లు ఊరికే పని చేయించడం జరిగే పనేనా? యజమానులకు ఆ టెన్షన్ ఉంది. అంతకంటే పెద్ద కారణం 1831 క్రిస్మస్‌కు శామ్ షార్ప్ నాయకత్వంలో జమైకాలో లేచిన తిరుగుబాటు. వేలమంది పాల్గొన్నారు, 300 మందికి పైగా ఉరికంబం ఎక్కారు. అసలు 1833 చట్టాన్ని లాక్కొచ్చిందే ఆ మంట. అది మళ్లీ రాజుకుంటుందన్న భయం 1838లోనూ ఉంది. ఇంగ్లండ్‌లో కూర్చున్న మంచివాళ్లు నల్లవాళ్లకు స్వేచ్ఛ ఇచ్చారు అని ఎవరైనా పరీక్షలో రాస్తే నేను మార్కులు తగ్గించేవాణ్ణి.

స్టర్జ్ లోపం కూడా చెప్పాలి. జేమ్స్ విలియమ్స్‌ను ఇంగ్లండ్‌లో ఎక్కువ రోజులు ఉంచలేదు. అతని నడవడి ఆయనకు నచ్చలేదు, అదే ఏడాది జమైకా పంపేశాడు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, జన్మలో మొదటిసారి కొరడా లేని ఊళ్లో ఉన్నాడు, క్వేకర్ పెద్దమనిషిలా ఎలా ఉంటాడు? పీడితుడు మన పక్షాన సాక్ష్యం చెప్పినంతసేపూ ముద్దు, తనకు తోచినట్టు బతకబోతే ఇబ్బంది. ఇది స్టర్జ్ ఒక్కడి జబ్బు కాదు.

1839 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా బానిసత్వాన్ని ఎదిరించడానికంటూ స్టర్జ్ ముందుండి బ్రిటిష్ అండ్ ఫారిన్ యాంటీ స్లేవరీ సొసైటీని పెట్టించాడు. ఈ సంస్థ వారసులు ఇప్పటికీ లండన్‌లో పనిచేస్తున్నారు. 1840 జూన్‌లో వాళ్లే లండన్‌లో ప్రపంచ మహాసభ పెట్టారు. అమెరికా నుంచి వచ్చిన లుక్రీషియా మాట్ లాంటి మహిళా ప్రతినిధులను, ఆమె కూడా క్వేకర్ కుటుంబమే, ఓటు లేకుండా పక్కన కూర్చోబెట్టారు. బానిసత్వం మీద సభ, ఆడవాళ్లకు తెర!

1841లో ఆయన అమెరికా వెళ్లాడు. జాన్ గ్రీన్‌లీఫ్ విట్టియర్ అనే క్వేకర్ కవి చాలా దూరం తోడుగా తిరిగాడు. బాల్టిమోర్‌లో హోప్ స్లాటర్ అనే బానిసల వ్యాపారి దగ్గరికి నేరుగా వెళ్లి, అమ్మకానికి మనుషుల్ని ఉంచే జైలు చూపించమన్నారు. అతను మర్యాదగా చూపించాడు కూడా. కానీ స్టర్జ్‌ను ఎక్కువ కుంగదీసింది వ్యాపారి కాదు, సాటి క్వేకర్లే. ఫిలడెల్ఫియా క్వేకర్లు 1776లోనే తమలో ఎవరూ బానిసలను ఉంచుకోకూడదని కట్టుబాటు చేసుకున్నవాళ్లు. అరవై ఏళ్లు తిరిగేసరికి చాలామంది పెద్దలు "మన చేతులు శుభ్రంగా ఉన్నాయి కదా, బయటివాళ్ల ఉద్యమంలో చేరి గొడవ ఎందుకు" అనే స్థితికి వచ్చారు. స్టర్జ్ అక్కడి క్వేకర్లకు బహిరంగంగానే లేఖ రాశాడు. ఈ ప్రయాణానికి వెస్టిండీస్ ప్రయాణం లాంటి ఫలితం రాలేదు. అక్కడ లండన్ పార్లమెంటు ఓటు లేదు, వినాల్సిన ప్రభుత్వం లేదు.

ఇక మనకీ దీనికీ సంబంధం. ఉంది, రెండు దారుల్లో.

మొదటిది: 1833 చట్టంలోనే ఒక నిబంధన పెట్టి ఈస్టిండియా కంపెనీ రాజ్యాన్ని, సిలోన్‌ను, సెయింట్ హెలీనాను మినహాయించారు. అంటే మద్రాసు ప్రెసిడెన్సీకి ఆ చట్టం వర్తించలేదు. 1840 మహాసభలో ఈ సంగతి గట్టిగా వచ్చింది. అంతకు ముందు బెంగాల్‌లో చాలా ఏళ్లు ఉన్న విలియం ఆడమ్ బ్రిటిష్ ఇండియాలోని బానిసత్వంపై అదే ఏడాది పుస్తకం రాశాడు. చివరికి 1843లో 5వ నంబరు చట్టం వచ్చింది. అది చాలా చిత్రమైన చట్టం. ఎవరినీ విడుదల చెయ్యలేదు. కోర్టులు ఇకమీద బానిస మీద హక్కును గుర్తించవు అని మాత్రం అంది. కొనడం, అమ్మడం శిక్షపడే నేరమైంది 1860 పీనల్ కోడ్‌లో. పేరు మీద బానిసత్వం పోయి, అప్పు కింద వెట్టి మాత్రం నిలిచిపోయింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం మనకు 1976లో గానీ రాలేదంటే వెనక ఈ కథ ఉంది.

రెండోది సముద్రం మీద నడిచింది. అప్రెంటిస్‌లు పోతారని తెలియగానే చెరకు తోటల యజమానులు ఇండియా వైపు చూశారు. మారిషస్‌కు 1834 నుంచే కాంట్రాక్టు కూలీలను తోలడం మొదలైంది. కొద్ది ఏళ్లకే గోదావరి ముఖద్వారం దగ్గరున్న కోరంగి రేవు నుంచి మనవాళ్లూ ఓడలెక్కారు. మారిషస్‌లో తెలుగువాళ్లకు కోరంగివాళ్లన్న పేరు అలా పడిందే. 1838 మేలో విట్బీ, హెస్పెరస్ అనే రెండు ఓడలు కలకత్తా నుంచి సుమారు 400 మందిని బ్రిటిష్ గయానా చేర్చాయి. వాళ్లను తెప్పించిన వాళ్లలో ప్రధానుడు జాన్ గ్లాడ్‌స్టన్, తర్వాత ప్రధానమంత్రి అయినవాడి తండ్రి. స్టర్జ్‌తో మొదటి ప్రయాణంలో ఉన్న జాన్ స్కోబుల్ 1839లో మళ్లీ గయానా వెళ్లి ఆ తోటల్లో కూలీలను చూశాడు. దెబ్బలు, రోగాలు, చావులు అన్నీ బయటపెట్టాడు. అదే పద్ధతి, అదే బస్తాలో చెయ్యి. దాంతోపాటు కలకత్తాలోనూ గోల పెరిగి ప్రభుత్వం కూలీల ఎగుమతిని ఆపింది. కానీ ఆ గెలుపు నిలవలేదు. 1842లో మారిషస్‌కు మళ్లీ తెరిచారు, తర్వాత వెస్టిండీస్‌కూ. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి "ట్రూరో" అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. కూలీలను ఇలా కాంట్రాక్టు మీద ఓడల్లో పంపడం ఆగడానికి 1917 దాకా పట్టింది.

స్టర్జ్ చివరి రోజుల్లో చేసిన పని ఒకటి చెప్పకపోతే బొమ్మ పూర్తికాదు. కూలి ఇచ్చి కూడా తోట నడపొచ్చని చూపించడానికి 1857లో మోంట్సెరాట్ దీవిలో ఒక ఎస్టేటు కొన్నాడు. దానికి తన ఊరి పేరే, ఎల్బర్టన్. నిమ్మతోటలు వేశారు. 1859లో ఆయన పోయాక ఆయన కుటుంబీకులు, మిత్రులు దాన్ని కంపెనీగా పెంచారు, మోంట్సెరాట్ నిమ్మరసం ఇంగ్లండ్‌లో పేరున్న సరుకైంది. ఆ క్రమంలో దీవిలో చాలా నేల ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఆంటిగ్వా దగ్గర నేను చెప్పిన నేల సంగతి ఇక్కడ మళ్లీ తలుపు తట్టింది, ఈసారి యజమాని గుమ్మంలో క్వేకర్ల పేరుంది.

మీరు ఈ అంశం మీద వ్యాసం రాస్తున్నానన్నారు కాబట్టి ఒక సలహా. స్టర్జ్ పుస్తకంతో మొదలుపెట్టకండి. ముందు జేమ్స్ విలియమ్స్ కథ చదవండి, ఒక్క పూటలో అయిపోతుంది, భాష కూడా అతను మాట్లాడినట్టే ఉంటుంది. ఆ తర్వాత స్టర్జ్‌ను తీయండి. వరుస తిరగేస్తే విలియమ్స్ మీకు ఒక ఉదాహరణగా మిగిలిపోతాడు.